ఆషాఢంలో పంపకండి సార్: ఇంటర్ గార్మెంట్ పిల్లల ట్రైనింగ్ గురించి విద్యాశాఖ మంత్రి గారికి ఒక టైలర్ ఉత్తరం

మంత్రి గారికి నమస్కారం.

నేను తెనాలిలో చిన్న లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను, పంతొమ్మిదేళ్లయింది. మూడు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, మగ్గం వర్క్‌కి ఒక చెక్క ఫ్రేము, అంతే. ఇంటర్ ఒకేషనల్‌లో గార్మెంట్ డిజైనింగ్ చదివే పిల్లల్ని పని నేర్చుకోమని మాలాంటి షాపులకి పంపుతుంటారు. పుస్తకంలో దాని పేరు ఆన్ ద జాబ్ ట్రైనింగ్, కాలేజీ వాళ్లు ఓజేటీ అంటారు. ఆ ట్రైనింగ్ గురించే ఈ ఉత్తరం.

పోయినసారి నా దగ్గరికి ఇద్దరమ్మాయిలొచ్చారు, ఒకరికి పదహారు, ఒకరికి పదిహేడు. ఎప్పుడు పంపారో తెలుసా సార్, ఆషాఢంలో. ముహూర్తాలుండవు, పెళ్లిళ్లుండవు, మేం ఈగలు తోలుకుంటూ పాత బాకీలు లెక్కపెట్టుకునే నెల అది. అదే శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు, నిన్న గుడ్డ ఇచ్చి ఇవాళ కావాలనే వాళ్లు, రాత్రి పదకొండైనా షటర్ దించలేం. సరిగ్గా ఆ రద్దీ మొదలయ్యే వారానికి వాళ్ల ట్రైనింగ్ అయిపోయింది. ట్రైనింగ్‌లో ఏం నేర్చుకున్నారో రాసే రికార్డు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

చిన్నమ్మాయి మాత్రం "ఆదివారాలు వస్తానక్కా" అని తర్వాత కూడా వచ్చింది. బ్రౌన్ పేపర్ మీద డ్రాఫ్టింగ్ నాకంటే నీట్‌గా వేస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పేపరు జారదు, సాగదు, దానికి బోర్డరుండదు. ఒకరోజు కస్టమర్ ఇచ్చిన పట్టు జాకెట్ ముక్క చేతికిచ్చి చేతులు కత్తిరించమన్నాను. గుడ్డ మడత వేయకుండా ఒక్కో చెయ్యి విడిగా పరిచి కోసింది. చేతికి ముందు వైపు చంక దగ్గర కాస్త లోతు తీస్తాం కదా, రెండింటికీ ఒకే పక్క తీసేసింది, అంటే రెండూ కుడి చేతులే. మిషన్ ఎక్కించాక గానీ ఎవరం చూసుకోలేదు. "తిరగేసి కుడదామా అక్కా" అంది, గొంతులో అప్పటికే ఏడుపు. తిరగేస్తే జరీ బోర్డర్ వెనకవైపు దారాలు బయటికొస్తాయి. మిగిలిన పేలికల్లోంచి ఒక ముక్క తీసి చంక కింద అతుకేసి సర్దాను, కస్టమర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి కుట్టు కూలిలో 200 తగ్గించుకున్నాను. ఆ తర్వాత ఆ పిల్ల మడత వేయకుండా చేతుల మీద కత్తెర పెట్టింది లేదు. ఈ పాఠానికి వాళ్ల రికార్డులో గడి లేదు సార్.

నా దగ్గరికొచ్చిన ఇద్దరిలో పెద్దమ్మాయి స్నేహితురాలిని వేరే ఊళ్లో ఒక పెద్ద బొటిక్‌కి పంపారట, పేరు ఎందుకులెండి. ఉన్నన్నాళ్లూ హుక్కులు కుట్టడం, దారాలు కత్తిరించడం, మధ్యాహ్నం టీ తేవడం. హుక్కులు కుట్టడం పని కాదని నేననను, నేనూ ఆరు నెలలు హుక్కులతోనే మొదలుపెట్టాను. కాకపోతే ఆ హుక్కులకి నాకెవరూ కటింగ్, స్టిచింగ్, ఫినిషింగ్ వచ్చని రాసివ్వలేదు. ఆ పిల్ల రికార్డులో అవన్నీ ఉన్నాయి.

2020 జాతీయ విద్యా విధానంలో, 2025 కల్లా కనీసం 50 శాతం మంది విద్యార్థులకి ఏదో ఒక వృత్తి విద్య పరిచయం కావాలని రాశారు. పరిచయం అంటే కనీసం వేలికి సూది గుచ్చుకునేంత దాకా అని నేననుకుంటున్నాను.

షాపు వాళ్ల వైపు నుంచీ ఒక మాట. చాలామంది ఈ పిల్లల్ని తీసుకోవడానికి భయపడతారు. పదహారేళ్ల పిల్ల మిషన్ మీద కూర్చుంటే బాలకార్మికుల కేసు పెడతారేమోనని టెన్షన్. పద్నాలుగు దాటిన వాళ్లు ప్రమాదం లేని పని చేయొచ్చని చట్టంలోనే ఉంది, మధ్యలో విరామంతో కలిపి ఆరు గంటలకి మించకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు, ఓవర్‌టైమ్ కూడదు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి పిల్లలతో పాటు మాకూ పంపితే ఏం పోతుంది? పిల్లని కాపాడినట్టూ ఉంటుంది, మా భయమూ పోతుంది. నేను రాత్రి పదకొండు దాకా కూర్చుంటానని చెప్పాను కదా, పిల్లల్ని మాత్రం వెలుతురుండగానే బస్సెక్కించేస్తాను.

బస్సంటే గుర్తొచ్చింది, స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక ఆడపిల్లలకి టికెట్ బాధ లేదు, ఆ మంచి చెప్పుకోవాలి. కానీ ఆ చిన్నమ్మాయి వాళ్లమ్మ ఒకసారి షాపుకొచ్చి, "నాట్లకి వస్తే దీనికీ కూలి డబ్బులొస్తాయమ్మా, ఇక్కడ ఏమొస్తాయి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మధ్యాహ్నం అన్నం నేనే పెట్టాను, ఆదివారం ఆదివారం చేతిలో వంద పెట్టాను, అది నా ఇష్టం కొద్దీ ఇచ్చింది. ట్రైనింగ్ రోజులకి కొంత స్టైపెండ్ ప్రభుత్వమే ఇస్తే ఆ తల్లి ఆ ప్రశ్న అడగదు.

ఇంకోటి. స్కూలు పిల్లలకి కిట్‌లో మూడు జతల యూనిఫాం గుడ్డ ఇస్తున్నారు. ఆ గుడ్డ జూన్‌లో మా షాపులకే వస్తుంది, మేం కుట్టలేక చేతులెత్తేస్తాం. పక్క కాలేజీలోనే గార్మెంట్ పిల్లలుంటారు, మిషన్లుంటాయి. ఒక్కో స్కూల్లో ఒక్క తరగతి యూనిఫాంలు వాళ్లకివ్వండి, కూలి వాళ్ల ఖాతాలో వేయండి. నలభై మంది పిల్లల కొలతలు తీస్తే చాలు, పుస్తకంలో సైజు వేరు, ఒంటి సైజు వేరు అని తెలిసొస్తుంది.

మీ నియోజకవర్గం మంగళగిరి మాకు ఎంతో దూరం కాదు. నా దగ్గరికొచ్చిన ఇద్దరూ మంగళగిరి డ్రెస్ మెటీరియల్ కత్తిరించారు గానీ గుంట మగ్గం ఒక్కసారీ చూడలేదు. మగ్గం మీద నేసే నిజాం బోర్డర్‌ని ప్రింటు అనుకుందొకతి! చేనేత కాటన్ తడిపి ఆరేయకుండా కోస్తే మొదటి ఉతుక్కే కురచైపోతుందని నేను చెప్పాల్సి వచ్చింది. ఒక్కరోజు నేతగాడి పక్కన కూర్చోబెట్టండి. వీలైతే ఇంకోరోజు అచ్యుతాపురం బ్రాండిక్స్ లాంటి బట్టల ఫ్యాక్టరీకి తీసుకెళ్లండి, అక్కడ ఒక్కొక్కరు ఒక్కో కుట్టే వేస్తూ లైన్ ఎలా నడుస్తుందో చూస్తారు. ఏది కావాలో తర్వాత వాళ్లే చూసుకుంటారు.

రికార్డు సంగతికొస్తే, హాజరు కాలమ్ తీసేయమనడం లేదు. దాని పక్కన ఒక్క గడి పెట్టించండి: కొలత తీసిన దగ్గర్నుంచి కస్టమర్ వేసుకుని చూసేదాకా ఈ పిల్ల సొంతంగా చేసిన బట్ట ఏది? దాని కింద షాపు వాళ్ల సంతకంతో పాటు ఆ కస్టమర్ సంతకం కూడా ఉండాలి.

ఈ శ్రావణానికి నా షాపులో ఒక మిషను ఖాళీగా ఉంచుతున్నాను. ఇద్దరిని పంపించండి, వంతులేసుకుంటారు. ఆషాఢంలో మాత్రం వద్దు సార్.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక లేడీస్ టైలర్