వీ-8 ఇంజన్‌ను డ్రైవ్ తట్టుకుంటుందన్న మీ రాతపూర్వక హామీపై ఫిర్యాదు

విజయవాడ

సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీరు అమర్చిన ఇంజన్ వల్ల స్టెర్న్‌డ్రైవ్ గేర్లు విరగడం, వారంటీ నిరాకరణ గురించి.

అయ్యా,

బెర్మ్ పార్కు నుంచి భవానీ ద్వీపానికి పర్యాటకులను చేరవేసే నా బోటులో, మీ సంస్థ కొత్త ఇంజన్ బిగించిన కొద్ది కాలానికే స్టెర్న్‌డ్రైవ్ (బోటు వెనక ఉండి, ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చే భాగం) గేర్లు విరిగిపోయాయి. గుర్రపుడెక్క చుట్టుకోవడం, సరంగు అజాగ్రత్త కారణమంటూ, వారంటీ వర్తించదని మీరు పంపిన సమాధానం నాకు అందింది. ఆ సమాధానాన్ని నేను అంగీకరించడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ఈ బోటు మొదటి నుంచీ 190 హార్స్‌పవర్ ఇచ్చే 4.3 లీటర్ల వీ-6 (ఆరు సిలిండర్ల) పెట్రోలు ఇంజన్‌తో, రెండో తరం ఆల్ఫా వన్ డ్రైవ్‌తో నడిచింది. డ్రైవ్ తయారీదారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంజన్ అరిగిపోయి పొగ కక్కుతుంటే, అదే రకం ఇంజన్ కోసం మీ దగ్గరికి వచ్చాను. దానికి బదులు 300 హార్స్‌పవర్ ఇచ్చే 5.7 లీటర్ల వీ-8 (ఎనిమిది సిలిండర్లది) పెట్టుకోమని సూచించినది మీరే. డబ్బు కట్టకముందు నేను అడిగినది ఒక్కటే ప్రశ్న, అది నా లేఖలోనూ ఉంది: నిండా జనంతో రోజంతా తిరిగే బోటులో, ఇంత బలమైన ఇంజన్‌ను ఇప్పుడున్న డ్రైవ్ మోయగలదా? డ్రైవ్ 300 హార్స్‌పవర్ వరకు తట్టుకుంటుందని, దానిలో ఏమీ మార్చనవసరం లేదని మీ ఇంజనీరు సంతకంతో జవాబు వచ్చింది.

ఆ అంకెను నేను తప్పు పట్టడం లేదు. ఆల్ఫా డ్రైవ్‌కు సాధారణంగా చెప్పే హద్దు కూడా అదే, అంతకు మించిన ఇంజన్లకు బ్రావో తరహా డ్రైవ్ ఉండనే ఉంది. అయితే నేను అడిగినదానికి ఆ అంకె సమాధానం కాదు. గేరు పంటిని విరిచేది దాని మీద పడే టార్క్, అంటే తిప్పే బలం. పాత ఇంజన్ నిమిషానికి 4,600 చుట్ల వద్ద 190 హార్స్‌పవర్ ఇస్తుంది కాబట్టి డ్రైవ్‌లోకి వెళ్ళే టార్క్ సుమారు 294 న్యూటన్ మీటర్లు. కొత్తది 5,000 చుట్ల వద్ద 300 ఇస్తుంది కాబట్టి అది సుమారు 427 న్యూటన్ మీటర్లు. అంటే అవే గేర్ల మీద దాదాపు 45 శాతం అదనపు భారం పడింది.

అసలు విషయం గేరు నిష్పత్తిది, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తిరగవలసిన చుట్ల లెక్కది. వీ-6తో వచ్చిన నా డ్రైవ్ నిష్పత్తి 1.81, అదే డ్రైవ్‌ను వీ-8కు జత చేసేటప్పుడు ఉండవలసినది 1.47. ఇంజన్‌ను బట్టి ఈ నిష్పత్తిని మార్చేది డ్రైవ్ పైభాగంలోని గేర్ల జత. దాన్ని మార్చకుండా వదిలేయడం వల్ల నిలువు షాఫ్ట్ మీదా, కింది గేర్ల మీదా, సరైన నిష్పత్తితో ఇదే ఇంజన్ మోపే దానికంటే 23 శాతం ఎక్కువ టార్క్ పడింది. పైగా 1.81 నిష్పత్తితో వీ-8 చుట్లు హద్దు దాటుతుండటంతో, మీ మెకానిక్ పాత ప్రొపెల్లర్ తీసి ఎక్కువ పిచ్ ఉన్నది (ఒక్కో చుట్టుకు బోటును ఎక్కువ దూరం నెట్టేలా రెక్కలు వాలి ఉన్నది) వేసి, చుట్లను బలవంతంగా కిందికి దించాడు. మీటరులో అంకె సరిపోయింది, ఆ భారం మాత్రం గేర్లకు చేరింది. గేరు జత మార్చడానికి అయ్యే ఖర్చు కొటేషన్‌లో రాసి ఉంటే నేను కట్టేవాణ్ణి, లేదా వీ-6తోనే సరిపెట్టుకునేవాణ్ణి.

ఇక మీరు చూపిన కారణాల సంగతి. ఆటోనగర్‌లో డ్రైవ్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కింది మర తీయగానే గేర్ ఆయిల్ నల్లగా, వెండి రజను కలిపినట్లు మెరుస్తూ కారింది, వెనకే గోరంత ఇనుప పెచ్చు జారి ట్రేలో పడింది. పై గేరులో వరుసగా ఉన్న పళ్ళు మొదలంటా విరిగి ఉన్నాయి, మిగతా పళ్ళ మీద బోటు ముందుకు వెళ్ళేటప్పుడు ఒత్తిడి పడే వైపే గుంతలు పడ్డాయి. ప్రొపెల్లర్ రెక్కల మీద చిన్న నొక్కు కూడా లేదు. బోటు రాయికో మొద్దుకో తగిలి ఉంటే ముందు దెబ్బ తినేవి ఆ రెక్కలు, వాటి నడుమ జారిపోయేలా పెట్టిన రబ్బరు బుష్. ఆ బుష్ చెక్కుచెదరలేదు. గుర్రపుడెక్క వాదన ఇంకా తేలిపోతుంది. ఈ డ్రైవ్‌లో చల్లబరిచే నీటిని తోడే పంపు డ్రైవ్‌లోనే ఉంటుంది, నీళ్ళు తీసుకునే రంధ్రాలు నీటి మునకలో ఉంటాయి. డెక్క అడ్డుపడితే ముందు ఇంజన్ వేడెక్కాలి, పంపులో నీటిని తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) కాలిపోవాలి. ఆ ఇంపెల్లర్ కొత్తదానిలా ఉంది. ఈ నదిలో డెక్క ఏ సీజనులో ఎక్కడ పేరుకుంటుందో మా సరంగుకు మీ ఇంజనీరు కంటే బాగానే తెలుసునని కూడా చెప్పవలసి వస్తోంది.

ఈ నష్టాన్ని డబ్బుతోనే కొలవలేను. గేర్లు విరిగిన సమయంలో బోటులో కుటుంబాలు ఉన్నాయి. ఇంజన్ తిరుగుతూనే ఉన్నా ప్రొపెల్లర్ కదలకపోవడంతో, బోటు నీటి వాలున బ్యారేజీ వైపు మళ్ళింది. ఎదురొచ్చిన మరో బోటు తాడు అందించి లాక్కెళ్ళింది కాబట్టి అందరూ క్షేమంగా గట్టెక్కారు. 2024 సెప్టెంబరు వరదల్లో అదుపు తప్పి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) దెబ్బతీసిన సంగతి మీకూ తెలిసినదే. ప్రయాణికుల బోటు అని, కిరాయికి నడిచేదని తెలిసి కూడా సరిపోని గేర్లతో దాన్ని నీటిలోకి దింపడాన్ని నేను పొరపాటుగా మాత్రం చూడలేకపోతున్నాను.

కాబట్టి వీ-8కు సరిపడే 1.47 నిష్పత్తి ఉన్న పూర్తి డ్రైవ్‌ను, దానికి తగిన ప్రొపెల్లర్‌తో సహా మీ ఖర్చుతో అమర్చాలి. అది మీకు వీలుకాకపోతే ఇంజన్ వెనక్కి తీసుకుని, బిగింపు కూలితో సహా మొత్తం సొమ్ము చెల్లించాలి. ఏది చేసినా, నిండు బోటు బరువును లెక్కలోకి తీసుకుని ఆ అమరిక సరిపోతుందని మీ ఇంజనీరు సంతకంతో రాసివ్వాలి. కార్తిక మాసంలో ద్వీపానికి రద్దీ పెరుగుతుంది, ఆ లోపే పని పూర్తి కావాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కిరాయి బోటు కనుక నేను వినియోగదారుణ్ణి కానని మీ సమాధానం చివర రాశారు. స్వయం ఉపాధితో జీవనం సాగించడానికే కొన్న వస్తువును వాణిజ్య అవసరం కింద లెక్కించరాదని ఆ చట్టంలోనే వివరణ ఉంది, చూడగలరు.

విరిగిన గేర్లు, ఆ ఆయిల్, పాత కొత్త ప్రొపెల్లర్లు ఆటోనగర్‌లో నా వద్ద భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీరు ముందుగా తెలియజేసి వచ్చి, నా సమక్షంలో పరిశీలించుకోవచ్చు. వాటిని మీ వర్క్‌షాపుకు పంపమని ఫోనులో అడిగారు, పంపను.

జతపరిచినవి: నా లేఖ నకలు, మీ ఇంజనీరు జవాబు, కొటేషన్, రసీదులు, విప్పిన డ్రైవ్ ఫొటోలు.

ఇట్లు,
భవదీయుడు,
బోటు యజమాని