ఆదివారం రాచకొండ: పొద్దున 5:30కి గడియారం సెంటర్

అందరికీ నమస్తే 🙏

ఈ ఆదివారం రాచకొండ కోట ఎక్కడం ఖాయం. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి సరిగ్గా 5:30కి బస్సు కదులుతుంది. "అన్నా, రెండే రెండు నిమిషాలు" అంటే ఈసారి ఆగేది లేదు. చౌటుప్పల్‌లో టీ, అక్కణ్నుంచి సంస్థాన్ నారాయణపురం మీదుగా గుట్టకు.

రాచకొండ 14వ శతాబ్దంలో రేచెర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. దర్వాజా దగ్గర ఆగి ఆ రాళ్ల సందు చూడండి, కొన్నిచోట్ల వేలు కూడా దూరదు.

పైన దుకాణాలు ఉండవు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నానికి సద్ది, గట్టి బూట్లు తప్పనిసరి. పోయినసారి చెప్పులతో వచ్చి సగం దారిలో కూర్చున్నది నేనే, అందుకే చెబుతున్నా.

దిగాక పుట్టపాకకు పోదాం. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన తేలియా రుమాలు అనే చేనేత బట్ట అక్కడిదే. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, ఆరబెడతారు. బట్ట ముక్కుకు దగ్గర పెట్టుకుంటే ఆ నూనె వాసన వస్తుంది. మగ్గం మీద చెయ్యి వేయకండి, పోగు తెగితే వాళ్లకే తిప్పలు. ఫొటో కావాలంటే ముందు అడగండి.

తండాల పక్క చెట్ల సీతాఫలాలు అడగకుండా తెంపొద్దు. కొనుక్కుందాం.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి. పిల్లలుంటే వాళ్ల వయసు కూడా.