టీవీ లైసెన్సు: అమెరికా పద్ధతి అంత ఉచితమేమీ కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

బ్రిటన్‌లో టీవీ చూడాలంటే ఏటా లైసెన్సు కట్టాలని, అమెరికాలో యాంటెన్నా ఒకటి బిగించుకుంటే చాలునని, కనుక అమెరికా పద్ధతే ప్రేక్షకుడికి మేలని మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం తేల్చేసింది. లెస్టర్‌లో కూతురి ఇంటా, న్యూజెర్సీలో కొడుకు ఇంటా నెలల తరబడి టీవీ ముందు కూర్చున్న విశ్రాంత ఉద్యోగిని నేను. ఆ తీర్పుతో ఏకీభవించలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు దారులూ రేడియో కాలంలోనే, 1922లోనే వేరుపడ్డాయి. ఆ ఏడాది బ్రిటన్‌లో రేడియో సెట్ల తయారీదారులు కలిసి బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీని (బీబీసీని) నెలకొల్పారు. సెట్టు ఉన్నవారు తపాలా శాఖకు పది షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకుంటే అందులో సగం ఆ కంపెనీకి చేరేది. 1927లో అది రాజశాసనంతో ప్రజా సంస్థగా మారినా ఆదాయ మార్గం మారలేదు. అదే 1922లో న్యూయార్క్‌లోని ఒక రేడియో స్టేషన్, జాక్సన్ హైట్స్‌లో ఫ్లాట్లు అమ్ముకునే సంస్థకు తన ప్రసార సమయాన్ని డబ్బుకు ఇచ్చింది. అమెరికా రేడియోలో తొలి వాణిజ్య ప్రకటనగా చెప్పుకునేది ఆ స్థిరాస్తి ప్రకటననే. ఆ సంగతి చదివినప్పుడు మన ఛానళ్లలో పొద్దస్తమానం వచ్చే వెంచర్ల ప్రకటనలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

అమెరికన్ ప్రేక్షకుడు డబ్బు కట్టడం లేదన్నది పైకి కనిపించే మాట మాత్రమే. ప్రకటనల ఖర్చు అతడు కొనే సబ్బులోనూ కారులోనూ కలిసే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది, డబ్బు వచ్చే దారిని బట్టి కార్యక్రమం రూపమే మారిపోవడం. అక్కడ అరగంట హాస్య ధారావాహికలో అసలు కథ సుమారు ఇరవై రెండు నిమిషాలే. విరామానికి ముందు ఏదో ఒక మలుపు రావాలి, లేకపోతే ప్రేక్షకుడు ఛానల్ మార్చేస్తాడు. ‘ది ఆఫీస్’ అనే బ్రిటిష్ హాస్య ధారావాహిక రెండున్నరేళ్ల వ్యవధిలో పన్నెండు భాగాలు, రెండు క్రిస్మస్ ప్రత్యేక భాగాలతో ముగిసిపోయింది. దాని అమెరికన్ రూపం 2005 నుంచి 2013 వరకు 201 భాగాలు నడిచింది. వంద భాగాల దాకా చేతిలో ఉంటే స్థానిక స్టేషన్లకు రోజూ పునఃప్రసారానికి అమ్ముకోవచ్చు కనుక బాగా ఆడుతున్న కథను మధ్యలో ఆపడం అక్కడ నష్టం. బీబీసీకి ఆ లెక్క అంతగా వర్తించదు. రచయిత చాలుననుకున్న చోట కథ ఆగవచ్చు. అమెరికన్ ధారావాహికలు నాసిరకమని నేననడం లేదు. నిజానికి నేను ఎక్కువ నవ్వుకున్నది ఆ 201 భాగాలు చూసే. అయితే అక్కడ ఎంతో పేరున్న నాటకాలు కొన్ని ప్రకటనలు లేని, చందా మీద నడిచే హెచ్‌బీఓలో పుట్టాయన్నది మరిచిపోకూడదు.

ప్రకటనదారుకు లాభం లేని కార్యక్రమం మాటేమిటన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబుగానే 1967లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రజా ప్రసార చట్టం తెచ్చారు, 1970లో పీబీఎస్ అనే ప్రజా టీవీ వ్యవస్థ ప్రసారాలు మొదలయ్యాయి. కానీ దానికి స్వంత ఆదాయం కల్పించలేదు. ప్రభుత్వ నిధిని కాంగ్రెస్ కేటాయించాలి, మిగతాది దాతలు ఇవ్వాలి. కార్యక్రమాలు ఆపి మరీ, చందా ఇచ్చినవారికి చేతిసంచి ఇస్తామంటూ ప్రేక్షకులను అర్థించడం నేను కళ్లారా చూశాను. ప్రభుత్వం ఏటా ఇస్తూ వచ్చిన 53.5 కోట్ల డాలర్లు మనిషికి రెండు డాలర్లు కూడా పడేవి కావు. ఆ కాస్తా కూడా 2025 జులైలో పోయింది: రాబోయే రెండేళ్ల కోసం ముందుగానే కేటాయించిన 110 కోట్ల డాలర్లను కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది, ఆ వెంటనే నిధులు పంచే సంస్థ మూసివేత ప్రకటించింది. పెద్ద నగరాల స్టేషన్లకు దాతలున్నారు. ఆ నిధి మీదే ఎక్కువగా ఆధారపడ్డ పల్లె ప్రాంతాల స్టేషన్లకు వాళ్లు లేరు.

ఇక లైసెన్సు లోపాలు. 2025 ఏప్రిల్‌లో అది 174.50 పౌండ్లకు చేరింది. భవంతిలో ఉండే ప్రభువుకూ, ఒక గదిలో అద్దెకుండే వితంతువుకూ ఒకటే మొత్తం. ప్రత్యక్ష ప్రసారం ఏ ఛానల్‌లో చూసినా, బీబీసీ జోలికే పోకపోయినా కట్టాల్సిందే. కట్టకుండా చూడడం నేరం, అందుకు కోర్టు విచారణ ఎదుర్కొనేవారిలో ఎక్కువమంది మహిళలు. పైగా దీన్ని మంత్రుల చేతికి అందనంత దూరంలో ఉన్న సొమ్ముగా చెప్పుకుంటారు గానీ, 2010 నుంచి 2017 వరకు రుసుమును 145.50 పౌండ్ల దగ్గర ఆపేసినదీ, 2022లో మళ్లీ రెండేళ్లు స్తంభింపజేసినదీ ప్రభుత్వమే. డెబ్బై అయిదేళ్లు దాటినవారి ఉచిత లైసెన్సుల భారాన్ని 2015లో ఖజానా మీద నుంచి దించి బీబీసీ నెత్తిన పెట్టినదీ ప్రభుత్వమే. ఫలితంగా 2020 ఆగస్టు నుంచి పింఛను సాయం పొందే పేద వృద్ధులకు తప్ప మిగతావారికి ఆ ఉచితం పోయింది.

ఇన్ని లోపాలున్నాయి గనుక చందా పద్ధతికి మారిపోమని అక్కడ చాలామంది అంటున్నారు. వాళ్లకు క్రికెట్ ఉదాహరణ చాలు. ఆస్ట్రేలియాతో ఆడే 2005 యాషెస్ టెస్టు సిరీస్‌ను దేశమంతా ఉచిత ఛానలైన ఛానల్ 4లో చూసింది; మరుసటి ఏడాది నుంచి ఇంగ్లండ్ స్వదేశంలో ఆడే టెస్టుల ప్రత్యక్ష ప్రసారం చందా ఛానలైన స్కైకి వెళ్లింది. 2019 ప్రపంచకప్ ఫైనల్‌కు ఇంగ్లండ్ చేరాక, స్కై ఒప్పుకున్న మీదటే అది ఉచిత ఛానల్‌లో కనిపించింది. ఆటకు డబ్బు బాగానే వచ్చింది, వీధిలో ఆడే పిల్లల కంటికి మాత్రం ఆట దూరమైంది.

కెనడా మధ్యేమార్గం పట్టింది. 1953లోనే లైసెన్సు తీసేసి, తన ప్రజా ప్రసార సంస్థ సీబీసీకి పార్లమెంటు నిధులూ ప్రకటనలూ రెండూ కల్పించింది. అయినా 2025 ఎన్నికల్లో దాని ఇంగ్లిష్ విభాగానికి నిధులు ఆపేస్తామన్నది ప్రతిపక్షం హామీగా నిలిచింది. మనమూ 1980ల దాకా పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టి పుస్తకంలో స్టాంపులు వేయించుకున్నవాళ్లమే. దాన్ని ఎత్తేసినప్పుడు సంబరపడ్డాం. తర్వాత దూరదర్శన్ ఎవరి నిధుల మీద, ఎవరి మాట మీద నడుస్తోందో అడగడం మానేశాం.

బీబీసీ రాజశాసనం 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది కనుక ఈ చర్చ ఇంకా వేడెక్కుతుంది. నా మట్టుకు నాకు, ప్రతి ఇంటి నుంచీ రుసుము తీసుకోవడం సరైనదే. జర్మనీలో 2013 నుంచి టీవీ ఉన్నా లేకున్నా ఇంటికింత అని వసూలు చేస్తున్నారు, తనిఖీల బెడద లేదు. దానికి ఆదాయాన్ని బట్టి తగ్గింపు జోడించాలి, మొత్తాన్ని నిర్ణయించే పని మంత్రుల నుంచి తప్పించాలి.

చివరగా ఒక సవరణ. ఆ వ్యాసంలో ఛానల్ 4ను ప్రైవేటు సంస్థగా రాశారు. 1982లో మొదలైన ఆ ఛానల్ ప్రకటనల మీద నడుస్తున్నా ప్రజల ఆస్తే; దాన్ని అమ్మాలని 2022లో ప్రభుత్వం నిర్ణయించి, 2023 జనవరిలో ఆ ఆలోచన విరమించుకుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం