ఓడిన జట్టులో ఒక్కడే మారాడు

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిందానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. 2022లో న్యూజిలాండ్ టూర్‌కి వెళ్ళిన ఐర్లాండ్ రగ్బీ జట్టు ఆక్లండ్‌లో 42–19తో ఓడింది కదా, వారం తర్వాత డనీడన్‌కి వెళ్ళేటప్పుడు కోచ్ ఆండీ ఫారెల్ మొదటి పదిహేనుగురిలో ఒక్కణ్ణే మార్చాడేమిటి నాన్నా, మొండితనమా అన్నావు. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. పైగా మీ యూనివర్సిటీ క్లబ్బు టూర్‌కి జాబితా రాసే పని నీ నెత్తిన పడిందన్నావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని చదువు, లెక్కలున్నాయి.

మొదట తేదీలు. దాన్ని వేసవి టూర్ అంటారు గానీ వేసవి మీ డబ్లిన్‌లోనే, జూలైలో న్యూజిలాండ్‌లో నడిచేది చలికాలం. క్లబ్బులు తమ ఆటగాళ్ళను దేశానికి వదలాల్సిన గడువు జూలై మొదటి మూడు శనివారాలకు కుదించి ఉంటుంది కాబట్టి టెస్టులన్నీ (దేశానికీ దేశానికీ మధ్య మ్యాచ్‌లు) అందులోనే ఇరికించాలి. ఆ ఏడాది జూలై 2 ఆక్లండ్, 9 డనీడన్, 16 వెల్లింగ్టన్. వాటి మధ్యలో మావోరీ ఆల్ బ్లాక్స్‌తో (ఆల్ బ్లాక్స్ అంటే న్యూజిలాండ్ జట్టు, ఇది వాళ్ళ మావోరీ ఆటగాళ్ళ జట్టు) రెండు మ్యాచ్‌లు: జూన్ 29న హామిల్టన్‌లో, జూలై 12న వెల్లింగ్టన్‌లో. పద్దెనిమిది రోజుల్లో అయిదు మ్యాచ్‌లు. హామిల్టన్‌కీ ఆక్లండ్‌కీ మధ్య మూడు రోజులు. డనీడన్ అయ్యాక మళ్ళీ మూడు రోజులకే ఇంకోటి. రగ్బీలో ఎనభై నిమిషాలు ఆడిన ఫార్వర్డ్‌ను (ముందుండి నెట్టే ఎనిమిదిమందిలో ఒకణ్ణి) మూడు రోజులకే మళ్ళీ అంతసేపు ఆడించడమంటే గాయాన్ని పిలిచి పీట వేసినట్టే.

అంటే టూర్‌కి ఒక జట్టు చాలదు, రెండు కావాలి. ఫారెల్ 40 మందిని తీసుకెళ్ళాడు. మ్యాచ్‌కి 23 మంది చొప్పున రెండు మ్యాచ్‌లకి 46 చోట్లు. ఆరుగురు రెండింట్లోనూ ఉండాలన్నమాట. విని, పరవాలేదే, ఆరుగురేగా అనుకుంటావు. జాబితా రాసేవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. ఆ 46ని చోటు చోటుగా విడగొట్టి చూడాలి.

ముందు వరస తీసుకో, అంటే స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు దూర్చి నెట్టుకునే చోట) ముందుండే ముగ్గురు: ఒకటో నంబరు లూజ్‌హెడ్, రెండో నంబరు హుకర్, మూడో నంబరు టైట్‌హెడ్. ఒకటీ మూడూ ప్రాప్‌లు. 23 మందిలో ఆరుగురు ముందు వరస వాళ్ళే ఉండాలని నిబంధన: లూజ్‌హెడ్ ఇద్దరు, హుకర్లు ఇద్దరు, టైట్‌హెడ్ ఇద్దరు. రెండు మ్యాచ్‌లకి పన్నెండు చోట్లు. ఐర్లాండ్ తీసుకెళ్ళింది తొమ్మిదిమందిని. లూజ్‌హెడ్‌కి పోర్టర్, హీలీ, లాఫ్‌మన్. హుకర్లుగా షీహన్, హెరింగ్, హెఫర్నన్. టైట్‌హెడ్‌కి ఫర్లాంగ్, బీలమ్, ఒటూల్. అంటే ముగ్గురు రెండు జట్లలోనూ పేరు రాయించుకోవాల్సిందే. మొత్తంలో ఆరుగురే రెండుసార్లు కనబడాలి అంటే అందులో సగం ఒక్క ముందు వరసే తినేసింది. ఇంతా చేస్తే ఇది ఎవరికీ ఏమీ కాకపోతే వేసిన లెక్క. అసలు జరిగింది వేరు. బీలమ్‌కి కోవిడ్ వచ్చింది, హామిల్టన్‌లో లాఫ్‌మన్‌కీ హీలీకీ దెబ్బలు తగిలాయి. చివరికి అప్పటికే ఐర్లాండ్ వదిలి న్యూజిలాండ్‌లో ఉంటున్న మైకేల్ బెంట్‌ను, ఐర్లాండ్‌లోని లెన్‌స్టర్ జట్టు మాజీ ప్రాప్‌ను, పిలిపించుకోవాల్సి వచ్చింది. డబ్లిన్ నుంచి మనిషిని రప్పిస్తే ఒక రోజుకు పైగా విమానంలోనే పోతుంది, పదకొండు గంటల కాలం తేడా ఒంటికి అలవాటు పడేసరికి ఇంకో నాలుగు రోజులు. పక్క ఊళ్ళో ఎవరున్నారో ముందే రాసి పెట్టుకోవడం కూడా సెలెక్షన్‌లో భాగమే. మీ టూర్‌కి కూడా అలాంటి రెండు పేర్లు జాబితా వెనకవైపు రాసుకో.

ప్రాప్ అంటే ప్రాపే కదా, అటువాణ్ణి ఇటు పెడితే ఏం అంటారు కొత్తవాళ్ళు. స్క్రమ్‌లో ఒకటో నంబరువాడి తలకి ఒక పక్క ఖాళీ ఉంటుంది. మూడో నంబరువాడి తల ఎదుటి హుకర్‌కీ, ఎదుటి లూజ్‌హెడ్‌కీ మధ్య ఇరుక్కుంటుంది; రెండు భుజాల మీదా బరువు పడుతుంది. పాదాలు పెట్టే తీరు, వెన్ను నిలిపే కోణం, చెయ్యి పట్టే చోటు అన్నీ మారిపోతాయి. పోర్టర్ టైట్‌హెడ్‌గా పేరు తెచ్చుకుని 2021లో లూజ్‌హెడ్‌కి మారాడు. అలా మారి రాణించినవాళ్ళు అరుదు. అలాంటివాడు ఒకడుంటే సెలెక్టర్‌కి అరమనిషి కలిసొచ్చినట్టు. కానీ ఆ వెసులుబాటును నమ్ముకుని టైట్‌హెడ్‌లను తగ్గించుకోకు. రెండో వికెట్ కీపర్ లేకుండా విదేశీ టూర్‌కి వెళ్ళే క్రికెట్ జట్టును చూశావా? ఇక్కడ అంతకంటే ఘోరం. ముందు వరసలో తగినవాడు లేకపోతే స్క్రమ్‌లు నెట్టుడు లేకుండా ఉత్తినే ఆడించాలి, దానికి కారణమైన జట్టు ఇంకో మనిషిని కూడా కోల్పోవచ్చు.

ఇది ఎలా ఉంటుందో డనీడన్ మ్యాచ్ మొదటి అర్ధభాగం మళ్ళీ పెట్టుకుని చూడు. న్యూజిలాండ్ టైట్‌హెడ్ టుయుంగఫాసీకి పసుపు కార్డు పడింది. అతని బదులు వచ్చిన తాఅవావో కాసేపటికే, 31వ నిమిషంలో, ఐర్లాండ్ సెంటర్ రింగ్‌రోజ్‌ను తలతో ఢీకొని ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. ముందు వరస నింపడానికి వేరేవాళ్ళను బయటికి పంపాల్సి వచ్చింది. ఆ గందరగోళంలో బయటికెళ్ళిన ఆర్డీ సావేయా మళ్ళీ మైదానంలోకి రానేలేదు. ఆనాటికి వాళ్ళ జట్టులో అతనిదే పెద్ద చెయ్యి. ప్రపంచస్థాయి టెస్టులో కూడా బెంచ్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది తల్లీ. మీ టీమ్‌కి టచ్‌లైన్ దగ్గర కాగితం పట్టుకుని నిలబడేది నువ్వే గనక ఎవరు ఏ చోటుకి అర్హులో ముందే పట్టిక గీసి ఉంచు. ఆట మధ్యలో ఆలోచించే టైముండదు.

మిగతా చోట్లు త్వరగా చెప్పేస్తా. స్క్రమ్‌హాఫ్‌లు (స్క్రమ్ నుంచి బంతి అందుకుని పంచేవాళ్ళు) ముగ్గురు కావాలి, తగ్గితే కుదరదు (గిబ్సన్-పార్క్, మర్రీ, కేసీ వెళ్ళారు). లైనవుట్‌లో (పక్క గీత దగ్గర నుంచి బంతిని లోపలికి విసిరేటప్పుడు) గాల్లోకి లేచేవాళ్ళు మొదటి పదిహేనులో కనీసం ముగ్గురుండాలి: లాక్‌లు (స్క్రమ్ రెండో వరసవాళ్ళు) ఇద్దరూ, ఆరో నంబరువాడూ. బీర్న్, జేమ్స్ రయాన్, పీటర్ ఒమాహనీ ఆ మూడు చోట్లా ఉండటం వల్ల బంతి ఎక్కడికి వేస్తారో ఎదుటివాళ్ళకి అంతు చిక్కదు. ఆరులో ఎగరలేని బండమనిషిని పెట్టావో, నీ హుకర్ ఎంత బాగా విసిరినా లాభం లేదు. తిట్లు మాత్రం వాడికే పడతాయి. గోల్ కిక్ కొట్టేవాడు మైదానంలో ఒకడు, బెంచ్ మీద ఒకడు. బ్యాక్స్‌లో (వెనకుండే ఏడుగురిలో) ఎడమకాలివాడు ఒకడుంటే రెండు పక్కల నుంచీ టచ్‌కి (పక్క గీత అవతలికి) తన్నొచ్చు. జేమ్స్ లో విలువలో సగం అక్కడే.

బెంచ్ మీద ఎనిమిదిమంది. అందులో ముగ్గురు ముందు వరసకే పోతారు. మిగిలిన అయిదింటిని ఎలా పంచాలన్నదే కోచ్ తెగువ. మామూలుగా ఎనిమిదిమందిలో ముందు వరసతో కలిపి అయిదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్స్. దక్షిణాఫ్రికా వాళ్ళు ఆరు–రెండుకీ, 2023లో ఏడు–ఒకటికీ వెళ్ళారు. ఆ ఏడాది ఆగస్టులో ట్వికెనమ్‌లో అలా ఆడే న్యూజిలాండ్‌ను 35–7తో ఓడించారు, ప్రపంచకప్ ఫైనల్‌కీ అదే కూర్పు పెట్టారు. అది చూసి మోజుపడకు. పది నిమిషాల్లో ఇద్దరు బ్యాక్స్‌కి దెబ్బ తగిలితే ఫ్లాంకర్‌ను (స్క్రమ్ పక్కనుండే ఫార్వర్డ్‌ను) వింగ్‌లో (మైదానం అంచున పరుగెత్తే చోట) పెట్టుకోవాలి. వాళ్ళకి అలాంటి ఫ్లాంకర్లున్నారు, మీకు లేరు.

ఇక నీ ప్రశ్న. ఆక్లండ్‌లో హాఫ్‌టైమ్‌కి స్కోరు 28–5. చివరికి 42–19. తీసివేసి చూడు: రెండో సగం 14–14. ఈడెన్ పార్క్‌లో, 1994 తర్వాత ఆల్ బ్లాక్స్ ఒక్కసారీ ఓడని మైదానంలో, రెండో సగం సమంగా ఆడిన జట్టు అది. మొదటి సగంలో కొంపముంచింది చేజారిన బంతులు, వాటి మీద న్యూజిలాండ్ వాళ్ళు మెరుపులా కొట్టిన ట్రైలు (బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం). తప్పు ఆటలో ఉందా, ఆటగాడిలో ఉందా అని విడదీయగలగడమే సెలెక్టర్ పని. ఆటలో తప్పయితే మంగళవారం ప్రాక్టీసులో దిద్దుకోవచ్చు. ఆటగాడు నెమ్మదించాడంటే ప్రాక్టీసు దిద్దలేదు, మార్చాల్సిందే. స్కోరు చూసి అయిదుగురిని మార్చేవాడికి ఆ రెండూ ఒకటే.

మారిన ఆ ఒక్కడూ కీత్ ఎర్ల్స్. తమాషా చూడు, ఆక్లండ్‌లో ఐర్లాండ్ మొదటి ట్రై కొట్టింది అతనే. కోవిడ్ వల్ల ఆగిన మాక్ హాన్సెన్ తేరుకోగానే చోటు అతనికెళ్ళింది. ఎర్ల్స్‌ను ఊరికే కూర్చోబెట్టలేదు, మంగళవారం మావోరీ మ్యాచ్‌కి కెప్టెన్‌ను చేశారు. హామిల్టన్ మ్యాచ్‌కి బుండీ ఆకీ కెప్టెన్. టెస్టు జట్టులో చోటు దక్కని పెద్దవాళ్ళ చేతికే వారం మధ్య జట్టును అప్పగించడం నాకు బాగా నచ్చిన పని. అలా చేయకపోతే అది అలిగినవాళ్ళ గుంపు అయిపోతుంది, ఆ అలక శుక్రవారం భోజనాల బల్ల దాకా వస్తుంది.

రెండో సందేహం ఐర్లాండ్ కెప్టెన్ సెక్స్‌టన్ గురించి. మొదటి టెస్టులో తల పరీక్షకి బయటికెళ్ళి మళ్ళీ రాలేదు, మరి రెండో టెస్టు ఎలా ఆడాడు? ఆ పరీక్ష మూడు మెట్లు. మొదటిది మ్యాచ్ మధ్యలో, పన్నెండు నిమిషాల్లో. రెండోది ఆ రోజే. మూడోది ఒకటిన్నర రెండు రోజుల తర్వాత. మొదటిదాంట్లో తప్పినవాడు ఆ రోజు ఇక ఆడకూడదు. తర్వాతి రెండూ నెగ్గితే వైద్యులు కంకషన్ (మెదడు అదరడం) కాదని తేల్చవచ్చు. అతని విషయంలో జరిగింది అదే. కంకషన్ అని తేలితే మాత్రం ఆ జూలై నుంచే అమల్లోకొచ్చిన కొత్త పద్ధతి ప్రకారం ఎక్కువమందికి పన్నెండు రోజుల విశ్రాంతి. డనీడన్‌లో దెబ్బ తిన్న రింగ్‌రోజ్‌కి వారం తర్వాతి వెల్లింగ్టన్ టెస్టు అందకపోయింది. ఆకీ లోపలికొచ్చాడు. మూడు వారాల టూర్‌లో ఒక తలదెబ్బ అంటే ఒకటో రెండో టెస్టులు పోయినట్టే లెక్క. జాబితా రాసేటప్పుడు సెంటర్లు (పన్నెండు, పదమూడు నంబర్లవాళ్ళు) నలుగురుండాలని నేను పట్టుబట్టేది అందుకే.

మొత్తం మూడు టెస్టుల్లో ఫారెల్ మొదటి పదిహేనులో ఆడించింది పదిహేడుమందినే. డనీడన్‌లో 23–12, న్యూజిలాండ్ గడ్డ మీద ఐర్లాండ్‌కి మొట్టమొదటి గెలుపు, పోర్టర్ రెండు ట్రైలు. వెల్లింగ్టన్‌లో 32–22, సిరీస్ ఐర్లాండ్‌ది.

అదే శనివారాల్లో దక్షిణాఫ్రికా ఇంకో దారి తొక్కింది. వేల్స్‌ను ప్రిటోరియాలో 32–29తో గెలిచి, బ్లూమ్‌ఫాంటైన్‌కి పద్నాలుగుమందిని మార్చింది. చివరి నిమిషాల్లో జోష్ ఆడమ్స్ ట్రై, గారెత్ ఆన్స్‌కూమ్ పక్క గీత దగ్గర నుంచి కొట్టిన కన్వర్షన్ (ట్రై తర్వాతి గోల్ కిక్), 13–12. దక్షిణాఫ్రికా గడ్డ మీద వేల్స్‌కి అదే మొదటి గెలుపు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నా మటుకు అది తప్పు సెలెక్షన్ కాదు. ప్రపంచకప్పుకి ఏడాది ముందు ఎవరు నిలబడతారో చూడాలంటే నిజమైన టెస్టే కావాలి, దానికి ధర ఆ ఒక్క పాయింటు. మూడో టెస్టుకి అసలు జట్టును దించి 30–14తో సిరీస్ తీసుకున్నారు. తప్పల్లా ఒకే వారంలో రెండూ కావాలనుకోవడంలో ఉంటుంది: కొంచెం పరీక్ష, కొంచెం గెలుపు అని ఏడుగురిని మారుస్తారు చూడు, అప్పుడు ఏ ఓటమి ఎవరివల్లో కూడా తేలదు.

వారం మధ్య మ్యాచ్‌లో ఇంకో చిక్కుంది, బయటికి కనబడదు. శనివారం టెస్టుకి బరువైన ప్రాక్టీసు మామూలుగా మంగళవారమే పెడతారు. ఆ రోజే మావోరీలతో మ్యాచ్. టెస్టు ఆడే 23 మందిని పక్కన పెడితే 40లో మిగిలేది పదిహేడుమంది, వాళ్ళు మ్యాచ్‌లో ఉంటారు. మరి టెస్టు జట్టుకి ప్రాక్టీసులో ఎదురు నిలబడేదెవరు? పదిహేనుకి పదిహేను ఆడించే వీలే లేదు. అందుకని ఆ వారం బరువు పనిని సోమవారానికో బుధవారానికో జరిపి, మంగళవారం లైనవుట్, కిక్ లాంటి సగం మందితో అయ్యే పనులు పెట్టుకోవాలి. మీ టూర్‌లో మూడు మ్యాచ్‌లే కాబట్టి ఇంత బాధ ఉండదు, అయినా తేదీలు ఒకసారి చూసుకో.

ఆ మావోరీ మ్యాచ్‌లు టెస్టు క్యాప్ (దేశం తరఫున ఆడిన టెస్టుల లెక్క) కిందికి రావు. హామిల్టన్‌లో 32–17తో ఓడి, వెల్లింగ్టన్‌లో 30–24తో గెలిచారు. టూర్‌కి వెళ్ళినవాళ్ళలో అయిదుగురికి అప్పటికి క్యాప్ లేదు. వాళ్ళలో ఒకడు కియరన్ ఫ్రాలీ: పది, పన్నెండు, పదిహేను నంబర్ల చోట్లలో ఆడగలడు. ఆ టూర్‌లో ఒక్క టెస్టూ ఆడకుండానే ఇంటికొచ్చాడు. 2024 జూలై 13న డర్బన్‌లో దక్షిణాఫ్రికా మీద బెంచ్ మీంచి వచ్చి రెండు డ్రాప్ గోల్స్ (బంతిని నేలకి వదిలి, లేవగానే తన్నే గోల్) కొట్టాడు, రెండోది ఆఖరి క్షణాల్లో. 25–24. మూడు చోట్ల ఆడేవాడికి బెంచ్ మీద ఉన్న విలువ అది.

మీ జాబితా తయారయ్యాక ఫోటో తీసి పంపు. పేర్లు అక్షరక్రమంలో రాయకు, చోట్ల వారీగా నిలువు గడుల్లో రాయి. నేను ముందు చూసేది మూడో నంబరు గడి.

మీ నాన్న

తా.క. మ్యాచ్ రోజు పట్టిక పెన్సిల్‌తో రాయి. అక్కడ వాన పడితే పెన్ను సిరా కారిపోతుంది.