వాలంటీర్ టీచర్‌గా విదేశానికి వెళ్లాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. వేరే దేశంలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పాలని మనలో కొందరు అనుకుంటున్నారు కదా, ఒక మాట. దయచేసి రెండు మూడు వారాల కోసం వెళ్లకండి. పిల్లలకు మన మీద చనువు ఏర్పడేసరికి మనం పెట్టె సర్దుకుంటాం, వాళ్లు మళ్లీ ఇంకో కొత్త మనిషికి అలవాటు పడాలి. వాలంటీర్లను వేరే దేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ 1961లో మొదలైంది, అందులో వాలంటీర్లు మామూలుగా 27 నెలలు ఉంటారు. ఆ 27 నెలల్లో మొదటి మూడు నెలలు శిక్షణే, స్థానిక భాషతో సహా. ఆ శిక్షణ రోజుల్లో చాలామంది అక్కడి కుటుంబంతోనే ఉంటారు. నిజంగా నేర్చుకునేది ఆ ఇంట్లోనే అని నా నమ్మకం. నీళ్లు ఎప్పుడు పట్టుకోవాలి, పెద్దవాళ్లను ఎలా పలకరించాలి, పిలవకుండా ఎవరింటికైనా వెళ్లొచ్చా లేదా, ఇవన్నీ పక్కనుండి చూస్తేనే తెలుస్తాయి.

క్లాసులో అక్కడి టీచరుకు తోడుగా ఉండండి, వాళ్ల చోటు తీసుకోకండి. మనం తిరిగి వచ్చేశాక బడి నడిపేది వాళ్లే.

ఏదైనా సంస్థ టూరిస్ట్ వీసా మీద వచ్చేయమంటే తొందరపడకండి. జీతం లేని పనికైనా చాలా దేశాల్లో వేరే అనుమతి కావాలి. పోలీస్ క్లియరెన్స్ అడగని సంస్థ పిల్లల భద్రతను పట్టించుకోనట్టే, దాన్ని వదిలేయండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్స్‌లో నమోదు ఉచితం, ముందు అక్కడ చూడండి. అప్లికేషన్ గురించి టెన్షన్ ఉంటే ఇక్కడే అడగండి, కలిసి నింపుదాం.