బియ్యం డబ్బా దగ్గర నిన్ను తిట్టినందుకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన రిపోర్ట్ మూడుసార్లు చూశాను. హిమోగ్లోబిన్ 8.4, ఫెరిటిన్ 6. ఆ రెండో అంకె ఏమిటో పొద్దున డాక్టరమ్మ గారికి ఫోన్ చేసి అడిగేదాకా నాకు తెలియలేదు. ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము ఎంత ఉందో చెప్పేది అదేనట. 15 కన్నా తగ్గితే నిల్వ అయిపోయినట్టే. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12కి తగ్గకూడదు.

ఫోన్ పెట్టేశాక సంక్రాంతి సెలవులు గుర్తొచ్చాయి. నువ్వు బియ్యం డబ్బా మూత తీసి, గుప్పెడు నోట్లో పోసుకుని, నేను వస్తున్న చప్పుడు విని గబగబా నమిలావు. నీ పెదవి మీద తెల్లగా పిండి అంటుకుని ఉంది. "పెళ్ళిలో వాన పడుతుందే" అని ముందు నవ్వాను. మర్నాడు మళ్ళీ చూసి తిట్టాను. పొద్దున ఎనిమిదైనా లేవడం లేదనీ, మేడ మీద బట్టలు తెమ్మంటే మధ్యలో మెట్ల మీద కూర్చుండిపోతున్నావనీ బద్ధకం అంటగట్టాను. పచ్చి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు తినాలనిపించడం ఇనుము తక్కువైన వాళ్ళలో కనిపించే లక్షణమేనట. ఒళ్ళు అడుగుతుంటే నేను నోరు మూయించాను. తప్పు నాది, నన్ను క్షమించు.

మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్‌ని ఒళ్ళంతా మోసుకెళ్ళేది రక్తంలోని హిమోగ్లోబిన్. అందులో ఇనుము లేకపోతే మోసేవాళ్ళు తగ్గిపోయినట్టే. గుండె ఇంకా వేగంగా కొట్టుకుని సర్దుకోవాలని చూస్తుంది. నీ ఆయాసం, దడ, చదివింది గుర్తుండకపోవడం అన్నీ అందులోవే. నెలనెలా రక్తం పోతుంది కాబట్టి మనకి అవసరం ఎక్కువ. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకి ఆడవాళ్ళకి 29 మిల్లీగ్రాములు కావాలి, మగవాళ్ళకి 19 చాలు. మరి మన ఇళ్ళలో కూర గిన్నె ముందు ఎవరి దగ్గరికి వెళ్తుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. తెలంగాణలోనూ అంతకి కాస్త తక్కువ, అంతే. ఇంతమంది బద్ధకస్తులై ఉండరు కదమ్మా.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఏఎన్ఎమ్ నర్సమ్మ గారు నా కింది కనురెప్ప లాగి చూసి, "తెల్లగా పాలిపోయింది" అని ఎర్రటి ఇనుము మాత్రలు ఇచ్చింది. రెండు రోజులకి విరేచనం నల్లగా అయింది, భయమేసింది. పైగా అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని చుట్టుపక్కల వాళ్ళు అన్నారు. మాత్రలన్నీ పప్పు డబ్బాలో అడుగున దాచేశాను. ఆ మాటలో నిజం లేదు, విరేచనం నల్లబడటం మామూలే. నువ్వు రెండు కిలోల పైచిలుకు బరువుతో పుట్టావు. నాకు కాన్పులో ఒక సీసా రక్తం ఎక్కించారు. అందుకే నీ మాత్రల విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

డాక్టరమ్మ గారు రోజు విడిచి రోజు ఒకటి అన్నారు కదా, అలాగే వేసుకో. పరగడుపున, నిమ్మకాయ నీళ్ళతో. పాలతో వద్దు, టీతో అసలే వద్దు. కడుపులో తిప్పితే టిఫిన్ అయ్యాక వేసుకో, అంతేగానీ మానెయ్యకు. నెలలో హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది, నీరసం అంతకన్నా ముందే తగ్గుతుంది. బాగుందని ఆపేస్తారు చాలామంది. 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేగానీ నిల్వ నిండదు. ఇంకో మాట, నీకు నెలసరిలో ఎక్కువ రోజులు, ఎక్కువగా పోతోందేమో సిగ్గుపడకుండా ఆవిడకి చెప్పు. అది సరిచెయ్యకుండా మాత్రలు మింగితే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

తిండి సంగతి. హాస్టల్లో ఇడ్లీ తింటూనే టీ తాగుతావు, నాకు తెలుసు. టీలో ఉండే వగరు ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగు. ఆకుకూరలు, పప్పులు, రాగుల్లో ఉన్న ఇనుము అసలే కొంచెం పడుతుంది, పక్కన పులుపు ఉంటే ఇంకాస్త పడుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం తర్వాత జామకాయ కొరకడం అందుకే. మేకకార్జం వండిన రోజున వదలకు, మాంసంలోది తేలిగ్గా పడుతుంది. బీట్‌రూట్, దానిమ్మ తింటే రక్తం పడుతుందని నీ రూమ్మేట్ చెప్పిందన్నావు. ఎర్రగా ఉన్నాయని అంటారు గానీ వాటిలో ఇనుము చాలా తక్కువ. నూరు గ్రాముల ఉలవల్లో 8 మిల్లీగ్రాముల పైన, నువ్వుల్లో 14 దాకా ఉంటుంది.

నాన్న కూడా నీరసంగా ఉందని నీ మాత్రల్లాంటివి తెచ్చుకుంటానన్నారు. పరీక్ష చేయించుకోకుండా వద్దన్నాను. ఎక్కువైన ఇనుముని బయటికి పంపే దారి ఒంటికి లేదు, కాలేయంలో పేరుకుంటుంది. సోమవారం ఆయనకీ నాకూ రక్త పరీక్ష.

అటక మీద నుంచి అమ్మమ్మ ఇనుప మూకుడు దించాను. తుప్పు వదిలేదాకా చింతపండుతో తోమి, నూనె రాసి, ఇవాళ అందులో గోంగూర మగ్గించాను. కూర నల్లబడింది, మూకుట్లో ఇనుము కూరలోకి దిగిందన్నమాట. నాన్న రంగు చూసి వెనక్కి తగ్గారు గానీ రెండో ముద్దకి మాట్లాడలేదు. వచ్చేవారం బస్సులో నువ్వుల ఉండలు, మునగాకు పొడి, ఉలవచారు సీసా పంపుతున్నాను. సీసా మూతకి గుడ్డ కట్టాను, నిలబెట్టే పెట్టుకో.

నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించి అంకె నాకు పంపు. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఎన్నింటికి లేస్తావో లే, నిన్ను లేపను.

మీ అమ్మ