ముందు వెలుతురు ఎక్కడుందో చూడు

బ్రాడీపేట, గుంటూరు
శనివారం మధ్యాహ్నం

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. అల్లుడుగారిని, పాపని అడిగానని చెప్పు.

నువ్వు పంపిన హాలు ఫొటోలు నిన్న రాత్రి నాన్నా నేనూ పెద్దవి చేసుకుని మరీ చూశాం. విజయవాడ పటమటలో నాలుగో అంతస్తు, తూర్పున బాల్కనీ, పడమట వంటగది కిటికీ. ఇల్లు బాగుంది తల్లీ. టీవీ పక్క మూలలో రెండు అరెకా పామ్‌లు, సోఫా వెనక డిఫెన్‌బాకియా, చెప్పుల స్టాండ్ మీద చిన్న కుండీలు 12. ఇవన్నీ ఒకేసారి కొనేయనా అని అడిగావు. ఫోన్లో చెబుదామంటే పాప ఫోను లాక్కుంటుంది, సగం మాటలు నీకు వినపడవు. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడే కొనకు. ఒక్క వారం ఆగు. ఈ వారంలో ఇంట్లో వెలుతురు ఎక్కడ ఎంతసేపు ఉంటోందో చూడు. పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఒక తెల్ల కాగితం నేల మీద పరిచి, దానికి అడుగు పైన చెయ్యి చాపు. నీడ గీత గీసినట్టు పడితే మంచి వెలుతురు. మసకగా పడితే తక్కువ వెలుతురుకు ఓర్చుకునే మొక్క పెట్టుకోవచ్చు. నీడే పడకపోతే అక్కడ మొక్క వద్దు, అమ్మమ్మ ఫొటో పెట్టుకో.

ఈ విషయంలో మన కళ్లని నమ్మడానికి లేదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) ఉంటే, హాలు లోపలి మూలలో వందో రెండొందలో కూడా ఉండకపోవచ్చు. రెండు చోట్లా మనం పేపరు చదవగలం కాబట్టి తేడా తెలీదు. ఆకుకి తెలుస్తుంది. 30 ఏళ్లు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పాను, కిరణజన్య సంయోగక్రియ ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. అయినా ఈ సంగతి మన ఇంట్లో మొక్కలు పోయాకే నాకు ఒంటబట్టింది.

నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి మాట. బండి మీద వస్తే నేనూ రెండు అరెకా పామ్‌లు కొన్నాను. ముందు గదిలో బీరువా పక్క మూల బోసిగా ఉందని అక్కడ పెట్టాను. రెండు నెలలు పచ్చగానే ఉన్నాయి. నర్సరీలో దాచుకున్న బలం ఖర్చు చేసుకుంటూ బతికాయి, నేనేమో సుఖంగా ఉన్నాయనుకున్నాను. తర్వాత కింది మట్టలు పసుపు తిరిగాయి. టెన్షన్ పడి తీసుకెళ్లి పడమటి వరండాలో పెట్టాను, అదీ రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండలో నీడ నుంచి వచ్చిన ఆకు ఏం తట్టుకుంటుంది? రెండు రోజుల్లో మాడిపోయాయి. ఆ కుండీలు ఖాళీ చేసిన రోజు నేను అన్నం సరిగా తినలేదని నాన్న ఇప్పటికీ అంటారు.

కాబట్టి మూల బోసిగా ఉందని మొక్క పెట్టకు. మొక్క బతికే చోటు చూసుకుని, సోఫాని అటు జరుపు. నీ హాల్లో ఆ చోటు బాల్కనీ తలుపుకి ఎడమ పక్క అనిపిస్తోంది. అక్కడ రెండు కాదు, ఒక్కటే పెద్ద అరెకా పామ్ పెట్టుకో. పొద్దుటెండ రెండు గంటలు తగిలితే దానికి హాయి. కొత్తగా తెచ్చినప్పుడు మాత్రం వారం పది రోజులు ఎండకి కాస్త ఎడంగా ఉంచి, రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరుపు. కడియం నర్సరీల నుంచి వచ్చేవైనా, మన ఊళ్లో పెంచినవైనా, చాలావరకు నీడవల కింద పెరిగినవే.

మా అమ్మ వాడిన ఇత్తడి గంగాళం అటక మీద ఉంది కదా, అది నీకు తెస్తాను. అందులో నేరుగా మట్టి పోయకు. కన్నాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్కని ఉంచి, ఆ కుండీని గంగాళంలో దించు. పాత ఆవకాయ జాడీ కూడా తెస్తాను, అదీ అంతే. తెల్ల గోడ ముందు గోధుమరంగు జాడీ, పైన పచ్చటి ఆకులు, ఇంక వేరే షోపీసులు అక్కర్లేదు. పన్నెండు చిన్న కుండీలు వరసగా పెడితే కొట్లో సరుకు సర్దినట్టు ఉంటుంది. ఎత్తు తేడాగా మూడు పెట్టు, చాలు.

డిఫెన్‌బాకియా మాత్రం వద్దే వద్దు. పాప ఇప్పుడు పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఆ ఆకు నిండా సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. మనీ ప్లాంట్, అగ్లోనీమా, జీజీ (ZZ) ప్లాంట్ అదే కుటుంబం, మన చేమ కుటుంబమే. వాటిని పాపకి అందని ఎత్తులో పెట్టు. స్నేక్ ప్లాంట్ తిన్నా వాంతులవుతాయి, అదీ పైనే. నేల మీద అరెకా, స్పైడర్ ప్లాంట్ ఉండొచ్చు, వాటిలో విషం లేదు.

స్నేక్ ప్లాంట్ అంటే గుర్తొచ్చింది. మేం పాఠం చెప్పినప్పుడు దాన్ని సాన్సెవీరియా అనేవాళ్లం, 2017లో డ్రసీనా అనే ఇంకో మొక్కల ప్రజాతిలో కలిపేశారు. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. దాని చుట్టమే మన చాగ, ఆ నారతో వింటినారి పేనేవాళ్లు. అంత గట్టి జాతిని కూడా చంపేది ఒక్కటే, రోజూ పోసే నీళ్లు. రెండు కణుపులు మునిగేదాకా వేలు మట్టిలో గుచ్చు. తడి తగిలితే ఆ రోజు వదిలెయ్. వానాకాలంలో స్నేక్ ప్లాంట్‌కి రెండు వారాలకోసారి పోసినా ఎక్కువే.

మట్టి కోసం నాన్న పొలం నుంచి తెస్తానంటున్నారు. నల్లరేగడి కుండీకి పనికిరాదు, తడిస్తే ముద్దవుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు, పిడికెడు వేపపిండి కలుపు.

గాలి శుభ్రమవుతుంది, పాపకి మంచిదని రాశావు. అది 1989లో నాసా వాళ్లు మూసేసిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట. మామూలు ఇల్లు అలా ఉండదు. కిటికీల్లోంచి, సందుల్లోంచి వచ్చిపోయే గాలి చేసే పాటి పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని 2019లో లెక్కగట్టారు. గాలి కోసం పొద్దున్నే కిటికీలు తియ్యి. మొక్క దగ్గరికి పాపని ఎత్తుకెళ్లి విచ్చుకుంటున్న కొత్త ఆకుని చూపించు. నిన్నూ నేను అలాగే ఎత్తుకుని మన మనీ ప్లాంట్ చూపించేదాన్ని. వేపచెట్టుకి ఎగబాకి చాటంత ఆకులు వేసిన తీగ అది. వాటి వెనక దాక్కుని పిలిస్తే పలికేదానివి కాదు.

ఆ తీగ నుంచే నీకు కొమ్మ తెస్తున్నాను, మూడు కణుపులుండేలా కోసి. గాజు సీసాలో ఒక కణుపు నీళ్లలో మునిగేలా పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. వారానికోసారి నీళ్లు మార్చు, సీసా లోపల రుద్ది కడుగు. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ కాస్త చాలు.

ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడువు. మెరవాలని కొబ్బరినూనె రాస్తారు కొందరు, పత్రరంధ్రాలు మూసుకుపోతాయి.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాం. కాగితం మీద నీడ ఎక్కడ ఎలా పడిందో ఏ పూటకాపూట రాసి ఉంచు. కుర్చీలు, సోఫా జరపడానికి అల్లుడుగారిని ఇంట్లోనే ఉండమను. గంగాళం నిన్ననే దింపి చింతపండు పెట్టి తోమాను, కిటికీ దగ్గర పెడితే గదంతా వెలిగింది.

ప్రేమతో,
అమ్మ